సుశ్రుతాచార్యుని విద్యాజీవితము - నాసాసంధానవిధి

విజయవాడకు ఎదుట, కృష్ణానదికి దక్షిణపుటొడ్డున, మందడమునకు చేరువగా మల్కాపురమను చిన్న గ్రామము కలదు. అచ్చటి శిలాస్తంభముపై శాలివాహన శకము 1183, అనగా క్రీ.శ. 1261వ సంవత్సరమున చెక్కబడిన శాసనము చరిత్రకారులకు సుపరిచితము. గణపతిదేవ చక్రవర్తి తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు ఈయదలచిన మందడమును, దానితోపాటు వెలగపూడిని, రుద్రమదేవి ధారపోసిన వృత్తాంతమది. శివాచార్యుడు ఆ గ్రామముల ఆదాయముతో ఆలయమును, మఠమును, సత్రమును నిలుపుటయే కాక ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను కూడ నెలకొల్పెను. వేదములు చెప్పు అధ్యాపకులు, తర్క సాహిత్య ఆగమాది శాస్త్రములు చెప్పు వ్యాఖ్యాతలు, రోగులను చూచు వైద్యుడు అందరును ఒకే ధర్మముక్రింద వృత్తులు పొందిరి. శాస్త్రపాఠమును, చికిత్సయు ఒకే ప్రాకారములో నడచిన సంస్థ మన నదీతీరముననే ఉండెనని చెప్పుటకు ఈ ఒక్క శాసనము చాలును.

నాటి వైద్యవిద్యకు మూలములని పెద్దలు చెప్పు బృహత్త్రయిలో చరకము, సుశ్రుతము, వాగ్భటము అను మూడు గ్రంథములు కలవు. వానిలో శల్యతంత్రమునకు, అనగా శస్త్రచికిత్సకు, ఆకరము సుశ్రుతసంహిత. నేడు సుశ్రుతుని పేరు విననివారు అరుదు. తెగిన ముక్కును నుదుటి చర్మముతో మరల నిర్మించిన తొలి వైద్యుడని సభలలోను, పాఠ్యపుస్తకములలోను ఆయనను కీర్తించుట పరిపాటి. కాని మూలమును తెరచి చూచిన అధ్యాపకునకు ఒక చిక్కు ఎదురగును. సంహితలో నాసాసంధానమునకు చెప్పబడినది నుదురు కాదు, చెక్కిలి. ఈ భేదము అల్పమని తోచవచ్చును గాని, దానిని అనుసరించి పోయినచో ఒక విద్య గ్రంథమునుండి చేతికి, చేతినుండి వేరొక చేతికి ఎట్లు నడచినదో తెలియవచ్చును. అందువలన ఆ ఆచార్యుని జీవితమును, ఆయన విద్య నడచిన త్రోవను సంహితయే చూపినంతవరకు పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

వంశము, గురుకులము

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహిత చెప్పుచున్నది. మహాభారతము అనుశాసనపర్వమున విశ్వామిత్రుని పుత్రుల పట్టికలో కూడ ఈ పేరు కానవచ్చును. ఆయన గురువు కాశీరాజగు దివోదాసుడు. సూత్రస్థానము తొలి అధ్యాయము వారి సమాగమమును వర్ణించును. ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు, సుశ్రుతుడు మొదలైనవారు, ఋషులతో కూడి ఆశ్రమమున ఉన్న ఆ రాజును చేరి, రోగబాధలు పడు జనులను చూడలేకున్నామని, తమకు ఆయుర్వేదమును ఉపదేశింపుమని వేడిరి. ఎనిమిది అంగములలో దేనిని చెప్పవలెనని గురువు అడుగగా వారు శల్యమును మూలముగా చేసికొని చెప్పుమనిరి. తమ అందరి పక్షమున ప్రశ్నించుటకు సుశ్రుతుని ఎన్నుకొనిరి. సంహిత అంతయు ఆ ప్రశ్నలకు వచ్చిన సమాధానముగనే నడచును. కావున సుశ్రుతుడు మనకు మొదట కనబడునది ఆచార్యుడుగా కాదు, సహపాఠుల మెప్పు పొందిన విద్యార్థిగా.

శల్యాంగమునకు ఆదిస్థానము ఏల ఈయవలెనో గురువు చెప్పిన కారణము గమనింపదగినది. రుద్రుడు ఛేదించిన యజ్ఞుని శిరస్సును అశ్వినీదేవతలు మరల అతికించిరి. కనుక తెగినదానిని కూర్చుటయే ఈ శాస్త్రమునకు పౌరాణికమైన తొలి ప్రయోజనము. సంధానమను మాట సంహితలో మొదటినుండియు ఇంతటి గౌరవముతో నిలిచియున్నది.

నేడు అచ్చులో ఉన్న పాఠమున ప్రతి అధ్యాయము ధన్వంతరి వచనముగా మొదలగును. దివోదాసుడే ధన్వంతరియని సంప్రదాయము. అయితే నేపాళమున భద్రపరుపబడిన, క్రీ.శ. 878వ సంవత్సరమున వ్రాయబడిన తాళపత్రప్రతిలోను, దానికి సంబంధించిన ప్రతులలోను ఆ వాక్యము కానరాదు. అచ్చట బోధకుడు కాశీరాజు దివోదాసుడు మాత్రమే. 2013వ సంవత్సరమున యునెస్కో ప్రపంచస్మృతి పట్టికకెక్కిన ఆ ప్రతిని ఆధారముగా చేసికొని ఇటీవలి సంవత్సరములలో పండితులు సంహితాపాఠమును మరల పరిశీలించుచున్నారు. దేవవైద్యుని పేరు తరువాతి కాలమున చేరెనని తేలినందువలన గ్రంథగౌరవమునకు లోటు లేదు. మనుష్యుడైన గురువు మనుష్యుడైన శిష్యునకు చెప్పిన విద్యగా అది మరింత సన్నిహితమగును.

కాలనిర్ణయము

సుశ్రుతుని కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. శతపథబ్రాహ్మణమునందలి అస్థిసంఖ్యను పోల్చి హోర్న్లే పండితుడు ఆయనను క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దికి చేర్చెను. గ్రంథము పలు పొరలుగా పెరిగినదనియు, నేటి రూపము క్రీస్తుశకారంభ శతాబ్దులలో కుదిరినదనియు తరువాతివారు భావించిరి. 1890వ సంవత్సరమున మధ్యాసియాలోని కూచా ప్రాంతమున దొరకిన బోవరు ప్రతిలో సుశ్రుతుడు కాశీరాజును వెల్లుల్లి మొక్కను గూర్చి ప్రశ్నించిన కథ కలదు. ఆ ప్రతి క్రీ.శ. ఆరవ శతాబ్ది ప్రాంతపుది. అనగా నాటికే ఈ గురుశిష్యుల పేర్లు దేశపు ఎల్లలు దాటియున్నవి. వ్యాకరణము తెలిసినవారికి మరియొక సాక్ష్యము స్ఫురించును. శాకపార్థివాదులను వివరించు సందర్భమున పతంజలి చూపిన ఉదాహరణములలో కుతపసౌశ్రుతుడను పదమొకటి. సౌశ్రుతులను పేరుగల కుటుంబము భాష్యకారుని కాలమునకు ప్రసిద్ధమని దీనివలన తెలియును. వారు శల్యవైద్యుల పరంపరవారే అనుటకు మాత్రము ఆ పదమొక్కటియే చాలదు.

సంహితలో సూత్రస్థానమున 46, నిదానస్థానమున 16, శారీరస్థానమున 10, చికిత్సాస్థానమున 40, కల్పస్థానమున 8, మొత్తము 120 అధ్యాయములు కలవు. వీనికి 66 అధ్యాయముల ఉత్తరతంత్రము చేరి 186 అయినవి. ప్రతిసంస్కర్త నాగార్జునుడని వ్యాఖ్యాతయగు డల్హణుడు వ్రాసెను. ఈ మాట కృష్ణాతీరవాసులమైన మనకు ప్రీతికరము. నాగార్జునకొండ శాసనములలో జ్వరపీడితుల ఆరోగ్యశాలను సూచించు విగతజ్వరాలయమను పదము కూడ ఉండుటచేత, సంహితను సంస్కరించినవాడు మన నాగార్జునుడేయని నిశ్చయింప మనసగును. కాని ఆ పేరుతో మాధ్యమికాచార్యుడు, రసవాది, వైద్యుడు మొదలైనవారు పలువురు ప్రసిద్ధులు. డల్హణుడు ఊరు చెప్పలేదు. పేరు కలిసినంతమాత్రమున దేశము కలియదు. అభిమానము ప్రమాణమునకు ముందు నడువరాదు.

విద్యాభ్యాసక్రమము

సుశ్రుతుని గొప్పదనము శస్త్రముల సంఖ్యలో కాక ఆయన అందించిన బోధనాక్రమములో ఎక్కువగా కనబడును. ఎనిమిది శస్త్రకర్మలు, 101 యంత్రములు, 20 శస్త్రములు చెప్పి, ఆ యంత్రములన్నిటిలో హస్తమే ప్రధానమని సంహిత తేల్చెను. శాస్త్రము మాత్రమే తెలిసి చేతిపని తెలియనివాడు రోగిని చూచి బెదరును. చేతిపని మాత్రమే తెలిసి శాస్త్రము తెలియనివాడు దండనార్హుడు. ఇరువురును ఒంటిరెక్క పక్షుల వంటివారని సంహితాభిప్రాయము. అర్థము తెలియక గ్రంథమును వల్లించువానిని అది చందనపు బరువు మోయు గాడిదతో పోల్చినది. కువైద్యులు జనులను చంపుచు తిరుగుట రాజుయొక్క దోషమని కూడ చెప్పినది. చదువు ముగిసిన వైద్యుడు రాజానుజ్ఞ పొందిన పిమ్మటనే వృత్తిలో ప్రవేశింపవలెను.

యోగ్యాసూత్రీయమను తొమ్మిదవ అధ్యాయము శిష్యుని చేతికి తర్ఫీదు ఇచ్చు విధానమును తెలుపును. కోయుట నేర్చుటకు బూడిదగుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలు. చీల్చుట నేర్చుటకు నీటితో, బురదతో నింపిన తోలుతిత్తులు. గోకుటకు రోమములున్న చర్మము. సిరలను గ్రుచ్చుటకు మృతపశువుల సిరలు, కలువకాడలు. లోపల వెదకుటకు పురుగు తొలిచిన కొయ్య, వెదురు, ఎండిన సొరకాయ మూతి. పెరికి తీయుటకు పనస, దొండ, మారేడు గుజ్జులు, చచ్చిన పశువుల దంతములు. కుట్టుటకు సన్నని, ముతక వస్త్రముల అంచులు, మెత్తని తోలు. కట్లు కట్టుటకు మనుష్యాకారపు బొమ్మ. ఇవన్నియు మన పెరటిలోను, సంతలోను దొరకు వస్తువులే. వీని వరుసలో చెవితమ్మెను అతుకుటకు వేరుగా ఒక అభ్యాసము చెప్పబడినది. దానిని మెత్తని మాంసఖండములపైనను, కలువకాడలపైనను చేయవలెను. ముఖమునకు సంబంధించిన సంధానవిద్యకు ఆ గురుకులమున ప్రత్యేకమైన పాఠము ఉండెనని దీనివలన రూఢి యగుచున్నది.

శరీరజ్ఞానమునకు శవపరీక్ష తప్పనిసరి అని శారీరస్థానము ఐదవ అధ్యాయము విధించినది. విషముచేత కాని, దీర్ఘరోగముచేత కాని మరణింపని, సర్వావయవములు గల శరీరమును ఎన్నుకొని, ప్రేగులలోని మలమును తొలగించి, ముంజగడ్డితోనో, నారతోనో, దర్భతోనో, జనపనారతోనో చుట్టి, పంజరములో ఉంచి, పారు నీటిలో మరుగైన చోట నిలుపవలెను. ఏడు రాత్రులు గడచిన పిదప తీసి, వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురునార మొదలగువానితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుచు చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడవలెను. కన్నులతో చూచినది, శాస్త్రమున చదివినది రెండును కలిసినపుడే జ్ఞానము పెరుగునని ఆచార్యుని మతము.

కర్ణవేధమునుండి నాసాసంధానమునకు

నాసాసంధానము సంహితలో స్వతంత్రమైన అధ్యాయము కాదు. సూత్రస్థానము పదునారవ అధ్యాయము చెవులు కుట్టుటను గూర్చినది. ఆరవ నెలలోనో ఏడవ నెలలోనో శిశువునకు చెవులు కుట్టవలెను. మగబిడ్డకు మొదట కుడిచెవి, ఆడబిడ్డకు ఎడమచెవి. రంధ్రమును క్రమముగా పెద్దది చేయుచుండగా ఒక్కొక్కప్పుడు తమ్మె రెండుగా చీలును. తాటాకు చుట్టను చెవిలో నిలిపి రంధ్రమును పెంచు ఆచారము మన పల్లెలలో ఉండెడిది. ఆకునకు, చెవి ఆభరణమునకు కమ్మయను ఒకే మాట తెలుగున నిలిచియుండుట దానికి సాక్ష్యము. బరువైన నగలచేత తమ్మె తెగుట మన పెద్దలు ఎరిగిన బాధయే. కనుక ఈ శస్త్రకర్మ యుద్ధభూమిలో కంటె ముందుగా ఇంటి ముంగిట పుట్టినదని ఊహించుట అసంగతము కాదు.

చీలిన తమ్మెను అతుకుటకు పదునైదు రీతులు పేర్కొనబడినవి. వానిలో గండకర్ణమను రీతి ముఖ్యమైనది. తమ్మె బొత్తిగా లేనిచోట చెక్కిలి మాంసమును, దాని మూలము విడిపోకుండ, కొంత లేపి తమ్మెగా చేయుట దాని లక్షణము. అతుకుటకు ముందు గాయపు రక్తమును పరీక్షింపవలెను. వాతదుష్టమైనచో ధాన్యామ్లముతోను వేడినీటితోను, పిత్తదుష్టమైనచో చల్లని నీటితోను పాలతోను, కఫదుష్టమైనచో సురతోను వేడినీటితోను కడుగవలెను. పిమ్మట అంచులను గీరి, ఎగుడుదిగుడులు లేకుండ కూర్చి, తేనెయు నేయియు పూసి, దూదితోను గుడ్డతోను కప్పి, బిగువు గాని వదులు గాని కాకుండ దారముతో కట్టి, కుండపెంకుల పొడి చల్లవలెను. మూడు రాత్రులు నూనెతో తడిపి, అటుపిమ్మట దూదిని మార్చవలెను.

ఈ పాఠము ముగిసిన పిదప, అధ్యాయము చివరి భాగమున, ముక్కు ప్రసక్తి వచ్చును. విధానము ఇట్టిది. లోపించిన ముక్కు ప్రమాణమునకు సరిగా ఒక చెట్టు ఆకును కొలిచి తీసికొనవలెను. ఆ ఆకు కొలతకు సమముగా చెక్కిలి ప్రక్కనుండి మాంసమును కోయవలెను గాని పూర్తిగా విడదీయరాదు. ముక్కు మొండెమును గీరి పచ్చి చేసి, ఏమరుపాటు లేక, దానిని అచ్చట చేర్చి చక్కగా కట్టవలెను. రెండు గొట్టములను లోపల నిలిపి ముక్కును ఎత్తుగా నిలుపవలెను. పతంగము, యష్టిమధుకము, అంజనము నూరిన పొడి చల్లవలెను. తెల్లని దూదితో కప్పి మాటిమాటికి నువ్వులనూనెతో తడుపవలెను. రోగికి నేయి త్రాగించి, అది జీర్ణమైన పిదప విధిప్రకారము విరేచనము చేయింపవలెను. అతుకు గట్టిపడిన తరువాత చెక్కిలితో కలిపియుంచిన మిగిలిన భాగమును కోసివేయవలెను. ముక్కు చిన్నదైనచో పెంచుటకు, మాంసము ఎక్కువైనచో సరిచేయుటకు యత్నింపవలెను. తెగిన పెదవికిని ఇదియే పద్ధతి. గొట్టములు మాత్రము అక్కరలేదు.

ఇందులో జీవభూతమైనది ఒక్క నియమము. మాంసమును మూలమునుండి విడదీయకుండుట. ఆ మూలముగుండ రక్తము ప్రవహించుచున్నంత కాలము క్రొత్త చోటికి చేరిన మాంసము బ్రతికియుండును. క్రొత్త చోటనుండి రక్తనాళములు దానిలోనికి పెరిగిన పిదప పాత బంధమును తెంపినను హాని లేదు. నేటి పునర్నిర్మాణ శస్త్రవైద్యమున కూడ ఇది మౌలికసూత్రమే. రక్తప్రసరణమును 1628వ సంవత్సరమున హార్వే నిరూపించుటకు ఎన్నియో శతాబ్దులకు పూర్వమే, కారణము ఆ రూపమున తెలియకపోయినను, కార్యము సరిగా తెలిసినవారు ఈ దేశమున ఉండిరి. గొట్టములవలన శ్వాసమార్గము మూసికొనిపోదు. మెత్తని మాంసమునకు ఆకారము నిలుచును. ముక్కు చెవులు కోయుట శిక్షగా చెల్లిన సమాజములో ఇది అలంకారము కొరకు చేసిన పని కాదు. శూర్పణఖ కథ మనకు హాస్యముగా తోచవచ్చును గాని, ముక్కు పోయినవాడు మరల ఊరిలో తలయెత్తి నడచుటకు చేసిన చికిత్స ఇది.

విద్య నడచిన త్రోవలు

సుశ్రుతుని గ్రంథము దూరదేశములకు నడచెను. క్రీ.శ. ఎనిమిదవ శతాబ్ది చివర బాగ్దాదునందు బర్మకీ మంత్రుల ప్రోత్సాహమున మంకుడను భారతీయ వైద్యుడు దానిని అరబ్బీభాషలోనికి తెచ్చెను. కాంబోజదేశమున యశోవర్మ శాసనములో సుశ్రుతుని పేరు కలదు. స్వదేశమున వాగ్భటుడు నాసాసంధానమును అష్టాంగహృదయమున మరల చెప్పి, సూదితో కుట్టుటను స్పష్టము చేసెను. గయదాసు, చక్రపాణిదత్తుడు, డల్హణుడు వ్యాఖ్యలు రచించిరి. కాని వ్యాఖ్యలు పెరిగినకొలది శస్త్రము పట్టు చేతులు పండితకుటుంబములలో తగ్గినవి. రక్తమును, చీమును ముట్టు వైద్యుని శ్రాద్ధపంక్తికి తగనివానిగా మనుస్మృతి ఎంచుట దీనికి ఒక కారణమని చరిత్రకారులు భావింతురు. గ్రంథము చదివినవారు చేయుట మానిరి. చేయువారు గ్రంథము ఎరుగరైరి. ఆచార్యుడు చెప్పిన పక్షి రెక్కలు రెండును వేరువేరు గూళ్ళకు చేరినవి.

అయినను విద్య నశింపలేదు. 1792వ సంవత్సరపు మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యపు ఎడ్లను తోలు కవాస్జీయను మరాఠా కర్షకుడు టిప్పుసుల్తానునకు బందీగా చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాదికి పైగా ముక్కు లేక గడపిన పిదప పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి క్రొత్త ముక్కును కట్టెను. మైనపు రేకును ముక్కు ఆకారమున వంచి, చదును చేసి, నుదుటిపై పెట్టి గీత గీసి, ఆ మేరకు చర్మమును లేపి, కనుబొమల నడుమ కొంత బంధమును ఉంచి, క్రిందికి త్రిప్పి అతికించి, కాచుముద్దతో అంటించెను. సుమారు ఇరువదియైదు దినముల పిదప బంధమును కోసెను. ఈ వృత్తాంతము 1794వ సంవత్సరము అక్టోబరు నెలలో లండనునందలి జెంటిల్మెన్స్ మ్యాగజైన్ అను పత్రికలో చిత్రముతో ప్రకటితమైనది.

ఇచ్చట సంహితకు, ఆ ఇటుకలవాని పనికి గల సామ్యభేదములను నిదానముగా చూడవలెను. కొలత తీయుట, మూలము విడదీయకుండుట, అతుకు కుదిరిన పిదప మాత్రమే బంధమును తెంచుట రెండింటికి సమానము. ఆకునకు మారుగా మైనము వచ్చినది. చెక్కిలికి మారుగా నుదురు వచ్చినది. నుదుటి చర్మము ఎక్కువ గట్టిది, రక్తపుష్టి గలది. చెక్కిలిని కోసినపుడు కలుగు వికారము అందులో లేదు. కావున ఎవరో ఒక పనివాడు, ఎప్పుడో, గ్రంథము చెప్పినదానికంటె మేలైన త్రోవను కనుగొని శిష్యులకు అందించెను. నుదుటి విధానమును సుశ్రుతునకు అంటగట్టుటవలన ఆచార్యునకు లేని ఘనత వచ్చుటయే కాక, పేరు తెలియని ఆ పనివానికి రావలసిన ఘనత పోవుచున్నది. సుశ్రుతుడు నాటిన బీజము ఆయనది. దానిని పెంచిన చేయి మరియొకనిది.

ఐరోపాలో ఈ విద్య వేరుగా నడచినది. బొలోన్యా విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడగు తాల్యాకోజ్జి 1597వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో చేతి చర్మముతో ముక్కును కట్టు విధానమును వివరించెను. చేతిని తలకు కట్టి దినముల తరబడి కదలకుండ ఉండవలసి వచ్చుటచేత అది క్రమముగా మూలపడెను. లండనున శరీరశాస్త్రము బోధించు జోసెఫ్ కార్ప్యూ భారతీయ విధానపు వార్తను ఎరిగి, మృతశరీరములపై అభ్యసించి, 1814వ సంవత్సరమున నుదుటి చర్మముతో శస్త్రచికిత్స చేసి, 1816వ సంవత్సరమున దానిని గ్రంథముగా వెలువరించెను. జర్మనీలో గ్రేఫే 1818వ సంవత్సరమున ముక్కు నిర్మాణముపై గ్రంథము వ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధమున ముఖములు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిల్లీస్ ఇంగ్లండునందు చేసిన చికిత్సలతో ఇది వైద్యకళాశాలలలో ప్రత్యేకశాఖగా పెరుగుటకు దారి ఏర్పడినది. మన దేశముననే జునాగఢ్ వైద్యాధికారి త్రిభువన్‌దాస్ షా బందిపోట్లు ముక్కులు కోసిన బాధితులకు నుదుటి విధానమున చికిత్సలు చేసి, 1889వ సంవత్సరమున ఆ అనుభవమును గ్రంథస్థము చేసెను.

రెండు రెక్కలు మరల కలిసిన వేళ

గ్రంథమును, చేతిని మరల కలిపినవాడు ఒక సంస్కృతాధ్యాపకుడని తెలిసికొనుట మన కళాశాలలకు ఉత్సాహకరము. కలకత్తా సంస్కృతకళాశాలలో వైద్యతరగతికి అధ్యాపకుడగు పండిత మధుసూదనగుప్తుడు సుశ్రుతసంహితను పరిష్కరించెను. అది 1835, 1836 సంవత్సరములలో రెండు సంపుటములుగా అచ్చుపడెను. ఆ 1836వ సంవత్సరముననే, క్రొత్తగా వెలసిన వైద్యకళాశాలలో, తన సమాజపు నిషేధమును లెక్కింపక ఆయన మనుష్యశరీరమును ఛేదించెను. శారీరస్థానమును అచ్చునకు సిద్ధము చేసిన చేయియే శస్త్రమును పట్టినది. దానిని పాశ్చాత్యవిద్యకు లొంగుబాటుగా కొందరు తలచిరి గాని, ఆచార్యుని ఆజ్ఞను శతాబ్దుల పిదప శిరసావహించుటగా తలచుట న్యాయము.

తెలుగునాట కూడ ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. బందరున జన్మించిన పండిత దీవి గోపాలాచార్యులు మద్రాసున ఆయుర్వేద విద్యాలయమును నడపిరి. ఆంగ్లవైద్యమున పట్టము పొందిన ఆచంట లక్ష్మీపతి వారివద్ద ఆయుర్వేదమును అభ్యసించి రెండు విద్యలకును వారధియైరి. 1925వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము భారతీయ వైద్యపాఠశాలను తెరచినది. విజయవాడలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల నోరి రామశాస్త్రి పేరును ధరించి శల్యతంత్రమునకు నెలవై యున్నది. 2020వ సంవత్సరమున కేంద్ర భారతీయ వైద్యమండలి శల్య, శాలాక్య శాఖలలో ఉన్నతవిద్య చదువువారు నేర్చి చేయదగిన 58 శస్త్రకర్మలను నిర్దేశించినపుడు ఆధునిక వైద్యుల సంఘములు దానిని తీవ్రముగా ప్రతిఘటించినవి. ఆ వివాదమున ఇరుపక్షములవారును సుశ్రుతుని పేరును తలచిరి. ఆచార్యుని దృష్టిలో మాత్రము ప్రశ్న ఏ పద్ధతి అన్నది కాదు. శిష్యుని చేయి తగినంత అభ్యసించినదా, వాని కన్నులు శరీరమును చూచినవా, వాని బుద్ధి గ్రంథమును గ్రహించినదా అన్నదే. ఈ మూడింటికి అవునని చెప్పలేనివాడు ఏ పట్టము పొందినను రోగికి భయహేతువే.

ప్రాచ్యకళాశాలలకు ఇందు ఒక కర్తవ్యము కనబడుచున్నది. పదునారవ అధ్యాయము పాఠము పండితునకు తెలియును గాని అతడు చెక్కిలిలోని పొరలను చూడలేదు. శస్త్రవైద్యుడు ఆ పొరలను చూచెను గాని సంధివిగ్రహములు ఎరుగడు. పదునైదు కర్ణసంధానముల పేర్లలో కొన్నిటికి వ్యాఖ్యాతలే భిన్నార్థములు చెప్పిరి. నేపాళప్రతి పాఠమును, అచ్చుపాఠమును ఎదురెదురుగా నుంచి, వ్యాకరణము తెలిసినవాడును, శస్త్రము పట్టినవాడును కూర్చుండి చదివినచో ఆ పేర్ల వెనుకనున్న పనితీరు తేటపడుటకు అవకాశము కలదు. అట్టి పఠనమునకు దూరము పోనక్కరలేదు. విజయవాడ నగరమున ఇట్టి రెండు విద్యలవారును ఉన్నారు. నదికి ఆవలి ఒడ్డున 1261వ సంవత్సరమున వ్యాఖ్యాతకు, వైద్యునకు ఒకే ధర్మముక్రింద వృత్తి కల్పించిన శాసనము నేటికిని నిలిచియున్నది. సుశ్రుతునకు మనము చేయదగిన నిజమైన స్మరణము ఆ సహవాసమును పునరుద్ధరించుటయే.